పీఎస్5, ఎక్స్‌బాక్స్, స్విచ్: కొనేముందు ఎలా బేరీజు వేసుకోవాలి

నయీంనగర్‌లో నాది చిన్న గేమ్ పార్లర్. హనుమకొండలో హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు కిక్కిరిసిన ఏరియా కాబట్టి సాయంత్రం క్లాసులు వదిలాక కుర్చీ దొరకదు. గంట అయిపోయి డబ్బులిచ్చి వెళ్తూ పిల్లలు అడిగే మాట ఒకటే: "అన్నా, ఇంట్ల కొనిస్తమంటున్నరు. ప్లేస్టేషన్ తీసుకోమంటవా, ఎక్స్‌బాక్సా?" రెండు రోజులకు వాళ్ల నాన్న ఫోన్ చేస్తారు: "తమ్మీ, యాభై వేలు పెడితే ఎన్నేండ్లు నడుస్తది?" తండ్రి అడిగిన ప్రశ్నే అసలైన ప్రశ్న అని నాకనిపిస్తుంది.

ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నా. నా లెక్కలో కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే గేమ్ మెషీన్) బలాబలాలు తేల్చేవి మూడు సంగతులు. ఆట ఆడేశాక సీడీ అమ్ముకోగలమా, మన దోస్తుల దగ్గర ఏ కన్సోల్ ఉంది, పాడైతే బాగుచేసేవాడు దగ్గర్లో ఉన్నాడా. యూట్యూబ్‌లో గంటలు గంటలు వాదించుకునే చిప్పుల సంగతి వీటన్నిటి తర్వాతే.

ముందుగా చిప్పుల పని ముగించేద్దాం

సోనీ పీఎస్5 (ప్లేస్టేషన్ 5), మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్ మూడూ 2020 నవంబరులో వచ్చినవే. ఎక్స్‌బాక్స్‌లు అప్పుడే ఇండియాలో కూడా దిగాయి, పీఎస్5 మాత్రం మనకు 2021 ఫిబ్రవరి 2న వచ్చింది. మూడింటి లోపలా ఏఎమ్‌డీ చిప్పే. బొమ్మలు గీసే వేగాన్ని టెరాఫ్లాప్‌లలో చెప్తారు, కాగితం మీద సిరీస్ ఎక్స్ 12 టెరాఫ్లాప్‌లు, పీఎస్5 10.28, సిరీస్ ఎస్ 4. మొదటి రెండింటిలో 16 జీబీ మెమరీ, ఎస్‌లో 10 జీబీ.

పన్నెండుకీ పదికీ తేడా 43 అంగుళాల మామూలు 4కే టీవీ మీద కంటికి కనబడదు. ఇప్పటికీ మన ఇళ్లలోని టీవీలు ఎక్కువ శాతం 60 హెర్ట్జ్‌వే, అంటే సెకనుకు 60 బొమ్మల కంటే ఎక్కువ చూపించలేవు. 120 హెర్ట్జ్, హెచ్‌డీఎమ్‌ఐ 2.1 ఉన్న టీవీ లేనప్పుడు ఆ అదనపు సత్తా అంతా డబ్బాలోనే ఉండిపోతుంది. ముందు మీ టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఎక్కడుందో వెతికి ఆన్ చేయండి. బటన్ నొక్కాక తెర మీద కదలడానికి పట్టే ఆలస్యం దాంతో ఎంత తగ్గుతుందంటే, కొత్త కన్సోల్ కొన్నంత తేడా కొందరికి అక్కడే తెలుస్తుంది.

సిరీస్ ఎస్ కథ మాత్రం వేరు. అక్కడ తేడా నిజంగానే బయటపడుతుంది. బాల్డర్స్ గేట్ 3 పీఎస్5కి 2023 సెప్టెంబరులో వస్తే, ఎక్స్‌బాక్స్‌కి డిసెంబరు దాకా రాలేదు. ఒకే టీవీని రెండు ముక్కలు చేసి ఇద్దరు ఆడుకునే పద్ధతి ఆ చిన్న మెషీన్ మీద సరిగ్గా నడవక ఆగిపోయింది. చివరికి సిరీస్ ఎస్‌లో ఆ సదుపాయం లేకుండానే విడుదల చేయాల్సి వచ్చింది. స్టోరేజీ కూడా అంతే. పెట్టె మీద 512 జీబీ అని ఉన్నా మనకు మిగిలేది 364. కాల్ ఆఫ్ డ్యూటీలాంటిది ఒక్కటే వంద జీబీ దాటి తింటుంది కాబట్టి, నాలుగో పెద్ద ఆట ఎక్కించాలంటే ఒకదాన్ని తీసేయక తప్పదు.

నింటెండో వాళ్ల స్విచ్‌ని ఈ లెక్కలోకే తేకండి. దాని బలం ఇంకోచోట ఉంది, తర్వాత చెప్తా.

ఒక కాగితం తీసుకోండి

కన్సోల్ ధర రాసుకుని ఆగిపోయేవాళ్లే ఎక్కువ. అసలు ఖర్చు తెలియాలంటే కింద ఇంకో నాలుగు లైన్లు రాయాలి: రెండో రిమోట్ (చేత్తో పట్టుకుని ఆడే కంట్రోలర్), మొదటి ఏడాది కొనబోయే ఆటలు, ఆన్‌లైన్ ఆడటానికి చందా, స్టోరేజీ.

డిస్క్ డ్రైవ్ (సీడీ పెట్టే చోటు) ఉన్న పీఎస్5 స్లిమ్ 2024 ఏప్రిల్‌లో మన దగ్గర 54,990 రూపాయలకు వచ్చింది. అది లేకుండా ఇంటర్నెట్ నుంచే ఆటలు దింపుకునే డిజిటల్ అప్పట్లో 44,990. కొనే రోజు ధర మీరు చూసుకోవాలి, పండగ ఆఫర్లలో ఇది బాగా కిందికి దిగుతుంది. పెట్టెలో రిమోట్ ఒక్కటే ఉంటుంది. రెండోది ఆరు వేల చిల్లర. కొత్త పెద్ద గేమ్ ఐదు వేల దగ్గర. స్నేహితులతో ఆన్‌లైన్‌లో ఎఫ్‌సీ (ఫుట్‌బాల్ ఆట) ఆడాలంటే పీఎస్ ప్లస్ అనే చందా కట్టాలి (ఫోర్ట్‌నైట్‌లాంటి ఉచిత ఆటలకు అక్కర్లేదు). ఇవన్నీ కూడితే యాభై ఐదు వేల వస్తువు డెబ్బై ఐదు వేల పక్కకు చేరుతుంది. ఇంట్లో ఈ మొత్తం ముందే చెప్పండి. విడతలుగా బయటపెడితే మీ మాట మీద నమ్మకం పోతుంది.

ఇక డిజిటల్ తీసుకుని కొంత మిగుల్చుకుందామని చాలామంది ఆశపడతారు. మన ఊళ్లలో అది గిట్టుబాటు కాదు. కారణం సీడీ. మా పార్లర్ కౌంటర్ మీద ఒక పాత చెప్పుల డబ్బా ఉంటుంది, నిండా సీడీలే. ఒకడు సెకండ్ హ్యాండ్‌లో రెండున్నర వేలకు స్పైడర్‌మ్యాన్ 2 తీసుకెళ్తాడు, రెండు వారాల్లో కథ అవగొట్టి తెచ్చి రెండు వేలకు ఇచ్చేస్తాడు. వాడికి ఆట పడింది ఐదు వందలకు. అదే ఆట డిజిటల్‌లో కొన్నవాడు సేల్‌లో కొన్నా సరే, పెట్టిన డబ్బు మళ్లీ కళ్లజూడడు. అది వాడి అకౌంట్‌కు అతుక్కుపోతుంది, తమ్ముడికి అమ్ముదామన్నా కుదరదు. ఏడాదికి ఏడెనిమిది ఆటలు ఆడేవాడికి డిస్క్ డ్రైవ్ మీద పెట్టిన అదనపు డబ్బు మొదటి సంవత్సరమే తిరిగొస్తుంది.

అందులోనూ ఒక మెళకువ ఉంది. ఎఫ్‌సీ, డబ్ల్యూడబ్ల్యూఈ లాంటివి ఏటా కొత్తది వస్తాయి. ఎఫ్‌సీ కొత్తది సెప్టెంబరు చివర్లో దిగుతుంది కాబట్టి పాత సీడీని ఆగస్టులోపే వదిలించుకోవాలి. అక్టోబరులో తెస్తే నేను కూడా తీసుకోను. కథ ఉన్న ఆటల సీడీలు అంత వేగంగా పడవు. గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ 2022 నాటిది, ఇప్పటికీ నా డబ్బాలో రెండు రోజులు నిలవదు.

స్లిమ్ డిజిటల్‌కి డ్రైవ్ తర్వాత తగిలించుకోవచ్చు కదా అని అడుగుతారు. తగిలించుకోవచ్చు, మొదటిసారి ఇంటర్నెట్‌కి కలిపితే జత అవుతుంది. కానీ మన షాపుల్లో ఆ డ్రైవ్ విడిగా దొరుకుతుందన్న ధీమా మీద మాత్రం డిజిటల్ కొనకండి.

గేమ్ పాస్ లెక్క

ఎక్స్‌బాక్స్ పక్షాన మొన్నమొన్నటి దాకా ఒక గట్టి వాదన ఉండేది. చవకగా సిరీస్ ఎస్ కొను, నెలనెలా గేమ్ పాస్ కట్టు, వందల ఆటలు ఆడు. వచ్చిన రోజుల్లో సిరీస్ ఎస్ ధర 34,990, గేమ్ పాస్ కూడా చేతికందేలా ఉండేది. నేనే చాలామందికి ఆ సలహా ఇచ్చాను, అప్పటికి అది మంచి సలహానే. 2025 అక్టోబరులో అల్టిమేట్ ప్లాన్ మన దగ్గర నెలకు 829 నుంచి 1,389కి పెరిగింది. ఏడాదికి 16,668 రూపాయలు. కట్టడం ఆపిన రోజున చేతిలో ఒక్క ఆట కూడా మిగలదు. తక్కువ ధర ప్లాన్లు ఉన్నాయి, కానీ కొత్త ఆటలు విడుదలైన రోజే ఆడే సుఖం అల్టిమేట్‌లోనే.

అయినా గేమ్ పాస్ ఎవరికి పనికొస్తుందో చెప్తా. నెలకు నాలుగైదు ఆటలు రుచి చూసి వదిలేసేవాళ్లకు. ఒకే ఆట మీద ఆరు నెలలు కూర్చునే రకానికి అది దండగ. మా దగ్గరికొచ్చే పిల్లల్లో నూటికి తొంభై మంది ఎఫ్‌సీ, జీటీఏ, టెక్కెన్, డబ్ల్యూడబ్ల్యూఈ దాటి పోరు. వాళ్లకు వందల ఆటల చందా ఎందుకు? మీరేమిటో మీకే తెలుసు కాబట్టి పోయిన ఏడాది ఫోన్‌లో గానీ కంప్యూటర్‌లో గానీ ఎన్ని ఆటలు ఆడారో లెక్కేసుకుని నిర్ణయించండి.

రెండో దెబ్బ ఏమిటంటే, ఎక్స్‌బాక్స్ సొంత ఆటలు దానికే పరిమితం కావడం మానేశాయి. ఫోర్జా హొరైజన్ 5 2025 ఏప్రిల్‌లో పీఎస్5కి వచ్చేసింది. గేర్స్ ఆఫ్ వార్ అదే ఏడాది ఆగస్టులో వచ్చింది. అటువైపు నుంచి సోనీ కూడా హెల్‌డైవర్స్ 2ని ఎక్స్‌బాక్స్‌కి ఇచ్చింది గానీ స్పైడర్‌మ్యాన్, ఆస్ట్రో బాట్, గ్రాన్ టురిస్మో 7 మాత్రం ఎక్స్‌బాక్స్ గడప తొక్కలేదు. ఒక్క డబ్బానే కొనగలిగే ఇంట్లో, ఎక్కువ ఆటలు ఎందులో ఆడగలమంటే పీఎస్5లోనే.

ఎక్స్‌బాక్స్‌లో నాకు నచ్చేవి లేకపోలేదు. పాత ఆటల్ని అంత గౌరవంగా చూసుకునేది ఇంకోటి లేదు. సిరీస్ ఎక్స్‌లో పాత ఎక్స్‌బాక్స్ 360 కాలం నాటి ఆటల సీడీలు కూడా, అన్నీ కాకపోయినా, కొన్ని వందలు నడుస్తాయి. పీఎస్5లో పీఎస్4 సీడీలు దాదాపు అన్నీ నడుస్తాయి గానీ పీఎస్3, పీఎస్2 సీడీలు పెడితే ఉమ్మేస్తుంది. అటకమీద 360 సీడీల కట్ట ఉన్నవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మరి పీఎస్ సీడీలే మన దగ్గర ఇంతగా ఎందుకు తిరుగుతున్నాయంటే, అది పీఎస్2 నాటి పట్టు. ప్రపంచం మొత్తమ్మీద 15 కోట్లకు పైగా అమ్ముడుపోయిన ఆ మెషీన్‌ని సోనీ ఇక్కడ గట్టిగా అమ్ముకుంది, మన దేశపు ఆటలు కూడా చేయించింది. 2009లో వచ్చిన హనుమాన్: బాయ్ వారియర్ చేసింది హైదరాబాద్‌లోని ఆరోనా టెక్నాలజీస్ వాళ్లే. ఆట అంతంత మాత్రమే అనుకోండి. కానీ అప్పుడు పీఎస్2 ఆడిన అన్నల తమ్ముళ్లు పీఎస్3, పీఎస్4 కొన్నారు, ఇప్పుడు వాళ్ల పిల్లలు మా పార్లర్‌కి వస్తున్నారు.

ఇల్లు చూసి కొనండి

కరెంటు సంగతి చాలా పోలికల్లో కనబడదు, మనకు మాత్రం అది పెద్ద విషయం. ఆట నడుస్తుంటే పీఎస్5 ఇంచుమించు 200 వాట్లు లాగుతుంది. ఐదు గంటలకు ఒక యూనిట్ అన్నమాట. సిరీస్ ఎస్ వంద లోపే. పాత స్విచ్ అయితే 20 వాట్లు కూడా దాటదు. బిల్లు భయం పెట్టుకోవాల్సిన పని లేదు, ఏసీ ముందు ఇదెంత. భయపడాల్సింది కరెంటు పోవడం, రావడం గురించి.

పీఎస్5ని ఆపకుండా రెస్ట్ మోడ్‌లో పెట్టి నిద్రపోతారు, అర్ధరాత్రి కరెంటు పోతుంది. పొద్దున ఆన్ చేయగానే సరిగా ఆపలేదని ఒక హెచ్చరిక వస్తుంది, స్టోరేజీ సరిచూసుకుంటుంది, ఆగిన చోటి ఆట పోయి ఉంటుంది. తరచూ ఇలా జరిగితే డేటా పాడయ్యే ప్రమాదం కూడా ఉంది. సిరీస్ ఎక్స్, ఎస్‌లో క్విక్ రెజ్యూమ్ అని ఒకటుంది. ఒక ఆట వదిలి ఇంకోదానికి వెళ్తే మొదటిదాని స్థితిని ఎస్‌ఎస్‌డీలో (లోపలి స్టోరేజీలో) రాసిపెట్టుకుంటుంది. ఆ తర్వాత ప్లగ్ పీకేసినా మళ్లీ అక్కడి నుంచే మొదలవుతుంది. కరెంటు కోతలున్న ఊరికి ఇంత పనికొచ్చే సదుపాయం మరొకటి లేదు. ఈ ఒక్క విషయంలో సోనీ వెనకబడే ఉంది. పీఎస్5 కొంటే రాత్రి పూర్తిగా షట్‌డౌన్ చేసే అలవాటు చేసుకోండి, లేదా ఇన్వర్టర్ లైన్ మీద పెట్టండి. ఇన్వర్టర్ సైన్ వేవ్‌దై ఉండాలి, పాత స్క్వేర్ వేవ్‌ది వద్దు.

వానాకాలంలో ఇంకో గండం ఉంది. పిడుగు పడ్డప్పుడు షాక్ ప్లగ్గులోంచే రానక్కర్లేదు. కేబుల్ టీవీ వైరులోంచి సెట్‌టాప్ బాక్సుకి, అక్కడి నుంచి టీవీకి, టీవీ నుంచి హెచ్‌డీఎమ్‌ఐ వైరు గుండా కన్సోల్‌కి పాకుతుంది. మెషీన్ ఆన్ అవుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, తెర మీద బొమ్మ మాత్రం రాదు. ఉరుములు మొదలైతే ప్లగ్గుతో పాటు హెచ్‌డీఎమ్‌ఐ కూడా పీకండి. పీకేటప్పుడు నిటారుగా లాగండి. పక్కకు వంచి లాగితే లోపలి సన్నని పిన్నులు వంగుతాయి, అది మార్చాలంటే బోర్డు మీద వేడిగాలితో చేసే పని. ఆ పని బాగా తెలిసినవాళ్లు మా దగ్గర తక్కువ, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా పోవాల్సి ఉంటుంది.

ఇంటర్నెట్ మాటకొస్తే, వంద జీబీ ఆట 100 ఎమ్‌బీపీఎస్ లైను మీద రెండుంబావు గంటల్లో దిగుతుంది, అదీ లైను పూర్తి వేగంతో ఉంటే. 40 ఎమ్‌బీపీఎస్ మీద ఐదున్నర గంటలు. హాస్టల్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద, రోజుకు 2 జీబీ ప్యాక్‌తో నడిపేవాడికి యాభై రోజులు! వైఫై లేని రూములో డిజిటల్ పీఎస్5 గానీ, సీడీ పెట్టే వీల్లేని సిరీస్ ఎస్ గానీ కొనడమంత తెలివితక్కువ పని లేదు. డిస్క్ ఉన్నవాడు కనీసం సీడీలోంచి ఎక్కించుకుని మొదలుపెట్టగలడు.

స్టోరేజీ చాలకపోతే పీఎస్5కి దారి సులువు. మూత తీసి, కంప్యూటర్ షాపులో దొరికే ఎమ్.2 జెన్4 ఎస్‌ఎస్‌డీ బిగించుకోవచ్చు. స్క్రూడ్రైవర్ ఉంటే చాలు, వారంటీ పోదు. ఎక్స్‌బాక్స్‌కి దానికోసమే తయారైన కార్డు కొనాలి, ధర ఎక్కువ. స్విచ్ 2కి మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ రకమే కావాలి. ఫోన్‌లోంచి తీసిన పాత కార్డు పెడితే దాని మీద ఆటలు ఎక్కవు.

కన్సోల్ ఎక్కడ పెడతారో కూడా ముందే చూసుకోండి. గాజు తలుపులున్న టీవీ షోకేసులో పెట్టి తలుపు మూస్తే వేడి బయటికి పోయే దారి ఉండదు. సిరీస్ ఎక్స్ గాలి పైనున్న చిల్లుల్లోంచి వదులుతుంది, దాని మీద అల్లిక గుడ్డలు, దేవుడి ఫోటోలు పెట్టొద్దని నేను చెప్పిన ఇళ్లు చాలానే ఉన్నాయి.

రిమోట్లు

కన్సోల్ కంటే ముందు చచ్చేది రిమోటే. పార్లర్‌లో పొద్దున్నుంచి రాత్రి దాకా నలిగే రిమోట్లను చూసి చెప్తున్న మాటలివి.

పీఎస్5 రిమోట్ పేరు డ్యూయల్‌సెన్స్. దాన్ని విప్పితే స్టిక్ కింద రెండు వైపులా గోరంత పచ్చని డబ్బీలు కనబడతాయి. ఒకటి అడ్డం కదలికను, ఇంకోటి నిలువు కదలికను కొలుస్తుంది. వాటి లోపల నల్లటి కార్బన్ పట్టీ మీద ఒక సన్నని లోహపు కొన రాసుకుంటూ తిరుగుతుంది. ఎఫ్‌సీలో రన్నింగ్ కోసం స్టిక్‌ని ఎప్పుడూ ఒకే అంచుకు నొక్కి పట్టేస్తారు కాబట్టి ఆ పట్టీ ఒకవైపే అరుగుతుంది. విప్పి చూస్తే నల్లటి పొడి రాలి ఉంటుంది. అప్పటి నుంచి వేలు తీసేసినా ఆటగాడు తనంతట తానే నడుస్తాడు. డ్రిఫ్ట్ అంటారు దీన్ని. ఇది సోనీకి ఒక్కదానికే ఉన్న జబ్బు కాదు. ఎక్స్‌బాక్స్ రిమోట్, పాత స్విచ్ రిమోట్ అయిన జాయ్-కాన్ అన్నీ ఇలా రాసుకునే పద్ధతివే. స్విచ్ 2లో కూడా అయస్కాంతంతో కొలిచే హాల్ ఎఫెక్ట్ స్టిక్కులు పెట్టలేదని నింటెండోయే చెప్పింది. కొత్త డబ్బీలు వేసి టంకం పెట్టి ఇవ్వడానికి లోకల్‌గా కొన్ని వందలు తీసుకుంటారు, కాబట్టి డ్రిఫ్ట్ రాగానే ఆరు వేలు పోసి కొత్తది కొనకండి.

ఎక్స్‌బాక్స్ రిమోట్ ఏఏ సెల్లుల మీద నడుస్తుంది. నవ్వుకుంటారు గానీ, నా మట్టుకు అదే మేలు. రెండేళ్లకు బ్యాటరీ నీరసించే బాధ లేదు, రీఛార్జ్ సెల్లులు నాలుగు పెట్టుకుంటే చాలు. అదే రిమోట్ కంప్యూటర్‌కి, ఫోన్‌కి కూడా పనిచేస్తుంది. చేతికి అనుభూతి కావాలంటే మాత్రం డ్యూయల్‌సెన్స్‌కి సాటి లేదు. ట్రిగ్గర్ బిగుసుకోవడం, ఇసుకలో నడిచినప్పుడు ఒక రకంగా, వానలో ఒక రకంగా అరచేతిలో తెలియడం ఒకసారి చూసినవాడు పాత రిమోట్ ముట్టుకోడు. బ్యాటరీ మాత్రం తొందరగా దిగుతుంది. ఆటకీ ఆటకీ మధ్య ఛార్జింగ్ పెట్టుకోవాల్సిందే.

స్విచ్ ఎవరికి

నింటెండో మన దేశంలో స్విచ్‌ని అధికారికంగా అమ్మలేదు. 2017 నుంచి ఇక్కడ తిరుగుతున్నవన్నీ బయటి నుంచి తెచ్చినవే. కాబట్టి కంపెనీ వారంటీ ఉండదు, ఆటల షాపు మన దేశానికి లేదు, వేరే దేశపు అకౌంట్ తెరిచి గిఫ్ట్ కార్డుతో కొనాలి. ఆటల ధరలు తగ్గవు. 2017 నాటి మారియో కార్ట్ 8 డీలక్స్ ఇవాళ్టికీ దాదాపు కొత్తదాని ధరే పలుకుతుంది. ఇన్ని కష్టాలున్నా ఒక రకం ఇంటికి నేను ఇదే చెప్తాను: పదేళ్లలోపు పిల్లలు ఇద్దరుండి, అమ్మానాన్నా కూడా పక్కన కూర్చుని ఆడదామనుకునే ఇల్లు.

మామూలు స్విచ్ పెట్టెలోనే జాయ్-కాన్‌లు రెండుంటాయి. పక్కకు తిప్పి పట్టుకుంటే ఇద్దరు ఆటగాళ్లు తయారు. పీఎస్5లో ఆ రెండోవాడి కోసం ఆరు వేలు పెట్టాలి. తాతగారింటికి వెళ్లేటప్పుడు సంచీలో పడేసుకోవచ్చు, కాజీపేటలో రైలెక్కి విజయవాడ చేరేదాకా ఛార్జింగ్ కూడా సరిపోతుంది. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకోకుండా ఆ గేమ్ కార్డులకు చేదు మందు పూస్తారు. నాలుక ఆనించి చూశాను, నిజమే, నీళ్లు తాగినా పోదు.

2025 జూన్ 5న వచ్చిన స్విచ్ 2 పెద్దది, 7.9 అంగుళాల తెర, బలం కూడా ఎన్నో రెట్లు. తీసుకునేటప్పుడు ఆట పెట్టె మీద గేమ్-కీ కార్డ్ అని ఉందేమో చూడండి. అలాంటి కార్డులో ఆట ఉండదు, తాళంచెవి మాత్రమే ఉంటుంది. ఆట మొత్తం ఇంటర్నెట్ నుంచి దింపుకోవాలి. పిల్లలకైతే పాత స్విచ్ ఓఎల్ఈడీ ఇప్పటికీ చాలు. స్విచ్ లైట్ మాత్రం టీవీకి కలవదు, అది తెలియక తీసుకుని బాధపడేవాళ్లున్నారు.

కాలేజీ కుర్రాడికి, ఎఫ్‌సీ, జీటీఏ ఆడేవాడికి స్విచ్ వద్దు. అంతే.

అమెరికా నుంచి తెప్పిస్తే

దసరాకో సంక్రాంతికో బావగారు వస్తున్నారు, ఒకటి తెమ్మంటే? పీఎస్5 అయితే కరెంటు ఇబ్బంది లేదు, 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుంది. వెనక పెట్టేది పాత టేప్‌రికార్డర్లకు వాడే ఎనిమిది అంకె ఆకారపు వైరే, బజార్లో మన ప్లగ్గుది కొని తగిలించుకోవచ్చు. ఆటల సీడీలకు రీజియన్ తాళం లేదు, అమెరికా సీడీ మన మెషీన్లో ఆడుతుంది. కానీ దానికి అదనంగా కొనే డీఎల్‌సీలు, పాయింట్లు ఆ సీడీ దేశపు అకౌంట్‌వే కావాలి. అమెరికా ఎఫ్‌సీ సీడీ పెట్టుకుని ఇండియా అకౌంట్‌లో పాయింట్లు కొంటే అవి ఆటలో పడవు. వారంటీ కూడా కొన్న దేశానిదే. ధరలో తేడా ఐదారు వేలే ఉంటే ఇక్కడ బిల్లుతో కొనడం మంచిది. స్విచ్ మాత్రం ఎలాగూ బయటిదే కాబట్టి బావగారికి చెప్పొచ్చు.

సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు

అమ్మేవాళ్ల ఇంటికి మీ రిమోట్, మీ అకౌంట్ పాస్‌వర్డ్, ఒక సీడీ, ఫోన్ టార్చి తీసుకెళ్లండి. ముందుగా హెచ్‌డీఎమ్‌ఐ రంధ్రంలో టార్చి వేసి పిన్నులన్నీ వరసగా ఉన్నాయో లేదో చూడాలి. తర్వాత ఇంటర్నెట్‌కి కలిపి మీ అకౌంట్‌తో లాగిన్ అవ్వండి. నిషేధం పడిన మెషీన్ అక్కడే దొరికిపోతుంది. సీడీ పెట్టి తీయండి, రెండుసార్లు. పెద్ద ఆట ఒకటి అరగంట నడిపి ఫ్యాన్ చప్పుడు వినండి. పీఎస్5 లోపల చిప్ మీద ద్రవ లోహం పూత ఉంటుంది కాబట్టి మెషీన్ కింద పడిందా, ఎవరైనా విప్పారా అని గుచ్చి గుచ్చి అడగండి, సీలు చూడండి.

నలభై ఆటలు ఎక్కించి ఇస్తామంటూ అమ్మే పీఎస్4లు జైల్‌బ్రేక్ చేసినవి, అంటే కంపెనీ వేసిన తాళం పగలగొట్టినవి. ఆన్‌లైన్‌కి పోలేవు, కొత్త అప్‌డేట్ వేస్తే ఆ ఆటలన్నీ పోతాయి. ఒంటరిగా పాత ఆటలు ఆడుకునేవాడికి ఓకే. జీటీఏ 6 కోసం ఎదురుచూస్తున్నవాడు మాత్రం పీఎస్4 వైపే చూడొద్దు. 2026 నవంబరు 19న వస్తుందని ప్రకటించిన ఆ ఆట పీఎస్5కి, సిరీస్ ఎక్స్, ఎస్‌లకు మాత్రమే చెప్పారు.

చివరికి నేనేం తీసుకోమంటానని అడిగితే: దోస్తులందరి దగ్గరా పీఎస్ ఉంటే డిస్క్ ఉన్న పీఎస్5. దోస్తులు ఎక్స్‌బాక్స్ మీద ఉంటే, లేదా పాత 360 సీడీలుంటే సిరీస్ ఎక్స్, అదీ సరైన బిల్లుతో దొరికితేనే. షాపుల్లో ఎక్స్‌బాక్స్ కనబడటమే తగ్గిపోయింది ఈ మధ్య. సిరీస్ ఎస్ ఇరవై వేల లోపు సెకండ్ హ్యాండ్‌లో వస్తే తీసుకోవచ్చు, కొత్తది వద్దు. చిన్నపిల్లల ఇంటికి స్విచ్. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో చేరుతూ ల్యాప్‌టాప్ కూడా లేనివాడు ఈ డబ్బుతో గ్రాఫిక్స్ కార్డున్న ల్యాప్‌టాప్ తీసుకోవాలి.

తెచ్చిన రోజు పెట్టె విప్పుతూ వీడియో తీయండి, సీరియల్ నంబరు బిల్లు మీద రాయించుకోండి. కార్డు వివరాలు ఎక్కించేముందు సెట్టింగుల్లోకి వెళ్లి కొనుగోలుకు ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. పిల్లల పేరు మీద వేరే అకౌంట్ తెరిచి, నెల ఖర్చు పరిమితి సున్నా చేయండి. ఎఫ్‌సీ ఆటలో డబ్బు పెట్టి కొనే ప్యాకులు ఒక్కోటి చిన్న మొత్తమే కాబట్టి బ్యాంకు మెసేజీలు వరసపెట్టి వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు.